లాకు గట్టిదే, పిన్ను చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

పెళ్ళి ముహూర్తాలు దగ్గర పడ్డాయంటే నల్లగొండలోనైనా పాలమూరులోనైనా వాచీ దుకాణాల్లో ఒకటే ప్రశ్న: "ఇన్ని లక్షలు పోసి కొన్నం గదనే, చైను లాకు గట్టిదేనా? చెయ్యి మీదికెళ్ళి జారిపోదు గద?" రెండు ఊళ్ళకూ క్లాక్ టవరే గుర్తు గానీ, చేతి గడియారం చేతి మీద ఎట్లా నిలబడుతుందో ఆలోచించేవాళ్ళు తక్కువ. అల్లుడికి పెట్టిన వాచీ, అమెరికా నుంచి తమ్ముడు తెచ్చిన వాచీ, ధాన్యం సీజను బాగుందని మిల్లు యజమాని కొనుక్కున్న వాచీ... డబ్బంతా లోపలి మిషనుకూ పైనున్న పేరుకూ పోతుంది. వాటన్నిటినీ మణికట్టుకు పట్టి ఉంచేవి మాత్రం గుండుసూది కంటే కాస్త మందంగా ఉండే పిన్నులు. ఈ సంగతి కొన్నవాళ్ళకూ అమ్మినవాళ్ళకూ కొంచెం వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం.

అడిగినదానికి ముందు జవాబు. పేరున్న కంపెనీ చేసిన లాకు, పూర్తిగా పడ్డాక, దానంతట అది తెరుచుకోవడం అరుదు. వాచీ జారి పడిందంటే ముందు అనుమానించాల్సింది చైను కుదించినప్పుడు సరిగ్గా కూర్చోని పిన్నును. ఆ తర్వాత లాకు చివర అరిగిపోయిన స్ప్రింగ్ పిన్నును (లోపల స్ప్రింగు ఉండి, కొస నొక్కితే లోపలికి పోయే పిన్ను). ఆ తర్వాతే మురికి పట్టి సగం పడ్డ లాకును. లాకు విరిగిపోయి వాచీ పోవడం వీటన్నిటి తర్వాతి మాట.

అయితే లాకులన్నీ ఒక్క జాతి కావు. అన్నిటికన్నా పాతది నొక్కుడు లాకు. మడిచిన రేకు అంచు ఒక చిన్న కడ్డీ మీదికి ఎక్కి టప్పుమని కూర్చుంటుంది. వేరే కొక్కెం ఏమీ లేదు, రేకుకున్న స్ప్రింగు గుణమే దానికి ఆధారం. రోజుకు ఒకసారి పెట్టి ఒకసారి తీసినా ఏడాదికి 730 సార్లు ఆ అంచు కడ్డీని రాసుకుంటుంది. రోలెక్స్ కూడా 2000 దశకం దాకా స్టీలు వాచీలకు వంచిన రేకు లాకులే పెట్టేది. చేతిలో పట్టుకుని ఊపితే గలగలమంటాయి, అయినా దశాబ్దాల పాటు పనిచేశాయి. సబ్‌మెరీనర్ లాంటి రోలెక్స్ మోడళ్ళకు పైన ఒక మడత తాళం అదనంగా ఉండేది. ఇప్పుడొచ్చేవి గట్టి లోహపు దిమ్మెను చెక్కి చేసినవి. ఆయిస్టర్‌లాక్ అనే లాకుకు పైన కిరీటం గుర్తున్న చిన్న మూత ఉంటుంది, దాన్ని లేపితేనే కింది మీట వేలికి అందుతుంది. సబ్‌మెరీనర్‌కు, డేటోనాకు వచ్చేది అదే. డేట్‌జస్ట్‌కు వచ్చే ఆయిస్టర్‌క్లాస్ప్‌కు ఆ పై మూత లేదు. డే-డేట్ ప్రెసిడెంట్ చైనుకైతే లాకే కనపడదు, కిరీటం బొమ్మ కిందనే దాక్కుని ఉంటుంది.

మూతలేని లాకు తక్కువదని అనుకోనక్కర్లేదు. మూత చేసే పని ఒక్కటే: చొక్కా అంచో, సంచి పట్టీయో, కారు సీటు బెల్టో తగిలి మీట పైకి లేవకుండా అడ్డం పడుతుంది. అసలు పట్టు కింది కొక్కేనిది. కింద కొక్కెం సరిగా పడకపోయినా పైన మూత మామూలుగానే మూసుకుంటుంది. చూసేవాడికి అంతా బాగున్నట్టే ఉంటుంది. కాబట్టి మూత ఉన్న లాకును పరీక్షించాలంటే మూత తెరిచే పరీక్షించాలి. చాలామంది మూత వేసి లాగి చూసి తృప్తి పడతారు.

రెండు పక్కలా బటన్లుండే లాకుల్లో ఈ సగం పడటం ఎక్కువ. లూపు (కంటికి పెట్టుకునే భూతద్దం) పెట్టి ఆ బటన్ వెనక చూస్తే అన్నం మెతుకంత స్ప్రింగు ఒకటి కనపడుతుంది, దాని చుట్టూ నల్లటి ముద్ద. చెమట, సబ్బు, పౌడరు, ఒంటి మీద రాలే చర్మపు పొట్టు అన్నీ కలిసిన జిడ్డు అది. పెళ్ళిళ్ళ సీజను దాటాక విప్పిన వాచీల్లో ఆ ముద్దకు పసుపు రంగు ఉంటుంది. ఆ జిడ్డుకు అడ్డం పడి బటన్ పూర్తిగా వెనక్కి రాదు. బటన్ రాకపోతే దాని కొక్కెం ఎదుటి గాడిలోకి నిండుగా దిగదు, అంచును మాత్రం పట్టుకుని ఉంటుంది. చేయి కిందికి వేలాడేసి నడిచినంత సేపు ఏమీ కాదు. బస్సులో పై రాడ్డు పట్టుకుని బ్రేకు పడినప్పుడు చేయి మెలిపడితే ఆ అంచు జారుతుంది. లాకు పూర్తిగా పడితే సన్నగా, పొడిగా టిక్కుమంటుంది. సగం పడితే చప్పుడు మెత్తగా, మింగినట్టు ఉంటుంది. కొత్త వాచీ కొన్నరోజే ఆ చప్పుడును చెవిలో పెట్టుకోవడం మంచిది.

బటర్‌ఫ్లై లాకుది ఇంకో తీరు. రెండు రెక్కలూ లోపలికి మడుచుకుంటాయి, బయటికి లాకు ఉన్నట్టే కనపడదు. సొగసుకు దాన్ని మించింది లేదు. చిక్కేమిటంటే రెక్కలు రెండు గనక పట్లు కూడా రెండు. ఒక రెక్క టిక్కుమని పడుతుంది, రెండోది దాని పక్కన ఊరికే ఆనుకుని ఉంటుంది. ఒక్క టిక్కు విని చేయి దించేస్తే పని సగమే అయినట్టు. బటర్‌ఫ్లై లాకుకు రెండు టిక్కులు వినాలి, ఒక రెక్క వేశాక రెండోది వేయాలి. ఇంకో సంగతి, తెరిచిన లాకును బల్ల మీద బోర్లా పెట్టి దాని మీద చేయి ఆనిస్తే రెక్క వంగుతుంది. వెంట్రుకవాసి వంగినా కొక్కెం గాడికి ఎదురుగా రాదు. పటేక్ ఫిలిప్ నాటిలస్ ప్రస్తుత లాకుకు నాలుగు వేర్వేరు పట్లు పెట్టారంటే ఊరికే కాదు, ఒకటి తప్పినా మిగతావి ఆపుతాయని.

నీళ్ళలో దిగేవాళ్ళ వాచీలకు ఐఎస్ఓ 6425 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం లాకు వేసి ఉంచి, స్ప్రింగ్ పిన్నులున్న చోట ఒక్కోదాని మీద 200 న్యూటన్ల బలంతో ఎదురెదురుగా లాగుతారు. మన లెక్కలో సుమారు ఇరవై కిలోలు. పిన్ను ఊడకూడదు, చైను తగిలించే వాచీ చెవి పగలకూడదు. స్టీలు చైనుతో వాచీ బరువు 150 గ్రాముల దరిదాపు కాబట్టి ఇది చాలా ఎక్కువ పరీక్షే. కానీ ఆ పరీక్ష జరిగింది కంపెనీ పిన్నుతో, కొత్త చైనుతో. బజార్లో లింకులు తీసి, దొరికిన పిన్ను కొట్టాక ఆ 200 న్యూటన్ల మాట మీ వాచీకి చెల్లదు.

ఇక్కడే అసలు కథ. మన ఊళ్ళలో ఖరీదైన వాచీలు చాలావరకు బయట కొన్నవే, హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో అమెరికాలోనో. చైను కుదించేది మాత్రం ఇక్కడే, తరచూ ఫంక్షన్ హాలుకు వెళ్ళే దారిలో, "జల్ది చెయ్యరాదే, ముహూర్తం టైమైంది" అంటూ. అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది, అందులో చేసిన తప్పు బయటపడేది రెండు నెలలకు.

లింకులను కలిపే పద్ధతులు ముఖ్యంగా మూడు. మొదటిది చీలిక పిన్ను. చైను లోపలి వైపు లింకుల మీద చిన్న బాణం గుర్తులుంటాయి. బాణం చూపే వైపుకే పిన్నును తోసి తీయాలి. తిరిగి పెట్టేటప్పుడు బాణానికి ఎదురుగా పెట్టాలి, చీలిక లేని కొస ముందు పోవాలి, చీలిక ఉన్న కొస చివర లింకు అంచులో బిగుసుకోవాలి. ఆ బిగుసుకోవడమే పిన్నుకు పట్టు. తిరగేసి కొడితే ఆ రోజు ఏ తేడా తెలియదు. చైను రోజూ వంగుతూ లేస్తూ ఉంటుంది గనక కొద్దికొద్దిగా ఒక పక్కకు తోసుకొస్తుంది. చైను పక్క అంచును గోటితో నిమిరి చూడండి, ఎక్కడైనా ముల్లులా తగిలితే అది బయటికొస్తున్న పిన్నే. అదే పిన్నును రెండు మూడుసార్లు తీసి పెడితే చీలిక నలిగిపోయి స్ప్రింగు పోతుంది. పాత పిన్నును గోటితో నెట్టితే లోపలికి పోయిందంటే దాన్ని పారేయాల్సిందే. చివరి రెండు మిల్లీమీటర్లు చిన్న సుత్తి దెబ్బకు గానీ దిగకూడదు.

రెండోది పిన్ను, గొట్టం. సీకో వాచీల్లో ఎక్కువ. పిన్ను నున్నగా ఉంటుంది, దానికి తనంతట తాను పట్టు లేదు. లింకు లోపల ఆవగింజ కంటే కొంచెం పెద్దదైన సన్నని గొట్టం ఒకటుంటుంది, పిన్ను దానిలో బిగుసుకుంటుంది. పిన్నును తోసేటప్పుడు ఆ గొట్టం చప్పుడు లేకుండా కింద పడిపోతుంది. బల్ల మీద తెల్లగుడ్డ పరవకుండా ఈ చైను ముట్టుకోకూడదన్నది అందుకే. గొట్టం లేకుండా పిన్ను పెడితే చక్కగా దూరుతుంది, చక్కగానే బయటికొస్తుంది కూడా. "కంపెనీ వాచీయే, ఎట్ల ఊడింది?" అని ఆశ్చర్యపోయే చోట చాలాసార్లు లేనిది ఆ గొట్టమే.

మూడోది స్క్రూ. రోలెక్స్‌తో పాటు ఖరీదైన చైనుల్లో చాలావరకు ఇదే. మంచి పద్ధతే, కానీ స్క్రూ బిగించి వదిలేస్తే సరిపోదు. బైకు హ్యాండిల్ మీద చేయి పెట్టి నల్లగొండ నుంచి దేవరకొండ దాకా పోతే ఆ అదురుకు బిగించిన స్క్రూ కూడా వెంట్రుకవాసి తిరుగుతుంది. అందుకని మరకు పట్టు మందు వేయాలి. ఊదారంగు లాక్‌టైట్ 222 అనేది చిన్న స్క్రూల కోసమే, మళ్ళీ విప్పాలంటే చేతి స్క్రూడ్రైవరుతో వస్తుంది. ముందు స్పిరిటుతో మరను, రంధ్రాన్ని తుడిచి ఆరబెట్టాలి. జిడ్డు మీద మందు పట్టదు. టూత్‌పిక్ కొసతో ఒక చుక్క, అంతే. ఎక్కువ వేస్తే లింకు కీలులోకి కారి చైను కర్రలా బిగుస్తుంది. పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు పడుతుంది, కాబట్టి సాయంత్రం చేయించి రాత్రి బరాత్‌లో ఎగరకండి. ఎర్ర మందు వాడితే విప్పడానికి గట్టిగా వేడి చేయాల్సి వస్తుంది, స్క్రూ తల పోతుంది. ఫెవిక్విక్ వేసే అలవాటు కూడా ఉంది. అది గట్టిపడ్డాక పెళుసు, అదురుకు పొడైపోతుంది. స్క్రూడ్రైవరు బ్లేడు స్క్రూ గాడికి నిండుగా సరిపోవాలి. 1.6 మిల్లీమీటర్ల గాడిలో 1.2 బ్లేడు పెట్టి తిప్పితే గాడి అంచులు చితుకుతాయి, తర్వాత వచ్చినవాడికి అది విప్పరాని స్క్రూ. కొన్ని చైనుల్లో స్క్రూకు రెండు కొసలా తలలుంటాయి, అక్కడ ఒక పక్క పట్టి రెండో పక్క తిప్పాలి. రెండు స్క్రూడ్రైవర్లు లేనివాడు ఆ పని ఒప్పుకోకపోవడమే మర్యాద.

కార్టియే సాంటోస్‌కు 2018లో వచ్చిన చైనుల్లో లింకు వెనక చిన్న బటన్ నొక్కితే పిన్ను బయటికొస్తుంది, పరికరాలేవీ అక్కర్లేదు. తేలికే గానీ, పెట్టాక పిన్ను లింకు అంచుతో సమంగా కూర్చుందా లేదా వేలితో చూసుకోవాలి.

స్ప్రింగ్ పిన్నుల గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే అందరూ మరిచిపోయేది వాటినే. వాచీ చెవుల దగ్గర రెండు ఉంటాయి, మామూలు లాకు లోపల కనీసం ఒకటి. లాకు పక్కగోడకు వరసగా నాలుగైదు రంధ్రాలుంటాయి కదా, చైను కొంచెం వదులు, కొంచెం బిగువు చేసేది ఆ రంధ్రాలు మార్చే. ఇంట్లోనే సూదితో ఆ పిన్ను నొక్కి పక్క రంధ్రంలోకి జరుపుకునేవాళ్ళు ఉన్నారు, అందులో తప్పు లేదు. జరిగే పొరపాటేమిటంటే ఒక కొస రంధ్రంలో దిగుతుంది, రెండో కొస లోపలి గోడకు ఆనుకుని ఆగుతుంది. పైనుంచి చూస్తే తెలియదు. పక్కనుంచి టార్చి వేసి చూస్తే రెండు రంధ్రాల్లోనూ పిన్ను కొస ఒకే లోతున మెరవాలి. ఒక పక్క చీకటిగా ఉంటే పిన్ను దిగలేదన్నమాట.

కొలత కూడా ముఖ్యం. చెవుల మధ్య ఎడం 20 మిల్లీమీటర్లయితే పిన్ను 20దే ఉండాలి. 19 పెడితే కొసలు రంధ్రంలో అంచున మాత్రమే నిలుస్తాయి. మందంలోనూ 1.5, 1.8 అని తేడాలున్నాయి, సీకో నీటి వాచీలకైతే 2.5 మందం పిన్నులూ ఉంటాయి. పెద్ద రంధ్రంలో సన్న పిన్ను ఆడుతూ ఆడుతూ రంధ్రాన్నే కోలగా చేస్తుంది. లోపలి స్ప్రింగు తుప్పు పడితే కొస లోపలికి పోయి మళ్ళీ బయటికి రాదు. చేతికి రోజూ పెట్టే వాచీకి, చెమట బాగా పట్టేవాళ్ళకు, ఏడాది రెండేళ్ళకొకసారి ఈ పిన్నులన్నీ మార్చడం మేలు. మామూలు పిన్నులైతే రెండు చాయల ఖర్చు. లక్షల వాచీకి ఆ ఖర్చు దగ్గర వెనకాడేవాళ్ళను చూస్తే నవ్వొస్తుంది.

చైను కొలత సంగతి. బిగువుగా ఉంటే భద్రం అనుకుంటారు. నిజానికి బిగువు చైనుతో ఉన్న లాకు మణికట్టు వంచినప్పుడల్లా లోపలి నుంచి బయటికి తోపు తింటుంది. నొక్కుడు లాకు తెరుచుకునేది సరిగ్గా ఆ దిక్కుకే. మరీ వదులైతే వాచీ చేతి మీద తిరిగి లాకు పక్కకొస్తుంది, బల్ల అంచుకు, తలుపు గడియకు తగులుతుంది. చైను కింద చిటికెన వేలు దూరేంత సందు చాలు. లాకు మణికట్టు లోపలి వైపు నడిమధ్యన ఉండాలి. లింకులన్నీ ఒకే పక్క తీసేస్తే లాకు ఎముక మీదికి పోతుంది, చేయి వంచినప్పుడు ఎముకే బటన్‌ను నొక్కుతుంది. ఎండాకాలం 44, 45 డిగ్రీల్లో మధ్యాహ్నానికి మణికట్టు ఉబ్బుతుంది, తెల్లవారుజామున సరిపోయిన చైను అప్పుడు కొరుకుతుంది. దీనికే కంపెనీలు లాకులో సర్దుబాట్లు పెట్టాయి. రోలెక్స్ ఈజీలింక్ 5 మిల్లీమీటర్లు వదులిస్తుంది. గ్లైడ్‌లాక్ 2 మిల్లీమీటర్ల చొప్పున సుమారు 20 దాకా పోతుంది. ట్యూడర్ టీ-ఫిట్‌లో అయిదు మెట్లలో 8 మిల్లీమీటర్లు. ఇవి ఉన్న వాచీ కొని కూడా వాడటం తెలియక లింకు తీయించుకునేవాళ్ళు ఎంతమందో!

మన దిక్కు ధూళి సంగతి కూడా ఉంది. మిర్యాలగూడ మిల్లుల్లో ఊక ధూళిలో సిలికా ఉంటుంది, జిడ్డుతో కలిస్తే అది సాన రాయి పనే చేస్తుంది, లాకు కొక్కేన్ని, పిన్ను రంధ్రాన్ని మెల్లగా అరగదీస్తుంది. వాడపల్లి, మేళ్ళచెరువు వైపు సిమెంటు ధూళి చెమటతో కలిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అక్కడ పనిచేసేవాళ్ళు లాకును నెలకొకసారి కాదు, వారానికొకసారి కడగాలి. గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు, మెత్తటి టూత్‌బ్రష్. వాచీ పక్కనుండే చావి లోపలికి నొక్కి ఉందా, మర తిప్పి బిగించే చావి అయితే పూర్తిగా బిగించి ఉందా చూసుకోండి. నీళ్ళు తట్టుకోని వాచీ అయితే చైను విప్పి కడగాలి తప్ప వాచీతో పాటు ముంచకూడదు. లాకు తెరిచి, మూసి, బటన్లు నొక్కుతూ కడిగితేనే లోపలి ముద్ద బయటికొస్తుంది. చివరి కడుగుడుకు తాగే ఫిల్టర్ నీళ్ళు వాడండి. మన బోరు నీళ్ళు ఆరితే తెల్లటి పొర మిగులుతుంది, స్ప్రింగు గూట్లో అది గట్టిపడితే జిడ్డు కంటే మొండి. (నల్లగొండ అనగానే ఫ్లోరైడు గుర్తొస్తుంది గానీ ఆ తెల్లపొర సున్నం తాలూకుది.) తుడిచి, చల్లగాలితో ఆరబెట్టాలి. లాకు బిగువుగా ఉందని కొబ్బరినూనె పూయకండి, నాలుగు రోజుల్లో ఆ నూనెకే ధూళంతా అంటుకుంటుంది.

నీళ్ళలో దిగేవాళ్ళకు ఒక మాట. వ్యవసాయ బావిలో గట్టు మీద నుంచి దూకినప్పుడు నీటి దెబ్బ చైను మీద అడ్డంగా పడుతుంది. నొక్కుడు లాకుకు, బటర్‌ఫ్లైకి అది మంచిది కాదు. పై మడత తాళం ఉన్న లాకు లేకపోతే వాచీ ఒడ్డున పెట్టి దూకండి. కృష్ణా పుష్కరాలు 2016లో అయ్యాయి, మళ్ళీ 2028లో. బీచుపల్లి, సోమశిల, వాడపల్లి ఘాట్లలో ఒంటికి సబ్బు, తలకు నూనె, చుట్టూ తోపులాట. అక్కడ జారిన వాచీని కృష్ణమ్మ తిరిగివ్వదు.

ఇంట్లో చేసుకునే పరీక్ష పెద్ద పనేమీ కాదు. మంచం మీద మెత్తటి దుప్పటి పరిచి దాని మీదే చేయండి. పై మూత ఉంటే తెరిచి, అసలు లాకు మాత్రం వేయండి. వాచీ తలను ఒక చేత్తో, లాకు పక్క చైనును ఇంకో చేత్తో పట్టి రెండు కిలోల సంచి ఎత్తేంత బలంతో అయిదారుసార్లు సూటిగా లాగండి. తర్వాత బొటనవేలిని చైను లోపలి నుంచి పెట్టి లాకును బయటికి తోయండి, మణికట్టు వంగినప్పుడు పడే తోపు ఇదే. తర్వాత కొంచెం మెలితిప్పండి. ఇందులో ఎక్కడ తెరుచుకున్నా ఆ వాచీ ఆ రోజు బయటికి పెట్టుకోవద్దు. రెండు బటన్ల మడత లాకుల్లో చాలావాటికి ఒక్క బటన్ నొక్కితే తెరుచుకోకూడదు. తెరుచుకుంటే రెండో పక్క కొక్కెం పట్టడం లేదని అర్థం. చివరగా లాకు మూసి వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి, రెండు పక్కలా సందు సమానంగా ఉండాలి.

నొక్కుడు లాకు వదులైతే ఇంట్లో పట్కారుతో వంచకండి. తెలిసిన మెకానిక్ అంచును పదో వంతు మిల్లీమీటరు లోపలికి వంచి, వేసి చూసి, చాలకపోతే ఇంకో పదో వంతు, అట్లా చేయాలి. ఒక్కసారి గట్టిగా వంచితే మడత దగ్గర పగులు పడుతుంది, అది వెంటనే విరగదు, నడిబజార్లో విరుగుతుంది.

బంగారు చైనులకు ఇంకో రకం జబ్బు. 18 క్యారెట్ల బంగారం మెత్తన. 200 గ్రాములు దాటే వాచీ రోజూ లాగుతుంటే పిన్ను రంధ్రాలు కోలగా సాగుతాయి, చైను మధ్యలో వేలాడినట్టు వంగుతుంది. లాకు వదులైందని కంసాలి దగ్గరికి తీసుకుపోయి టాంకా వేయిస్తారు. కంసాలి పనితనానికి వంక లేదు, కానీ మంట తగిలితే లోపలి స్టీలు స్ప్రింగు పదును పోయి మెత్తబడుతుంది. ఆ తర్వాత లాకు చూడటానికి అతుకు లేకుండా బాగుంటుంది, పట్టు మాత్రం ఉండదు. ఆ పనికి లేజర్ వెల్డింగు ఉన్నచోటికే పంపాలి, లేదా లాకే మార్చాలి.

తోటి మెకానిక్‌లకు, అమ్మే దుకాణాలకు కూడా చెప్పాల్సింది ఉంది. తీసిన లింకులు, మిగిలిన పిన్నులు, గొట్టాలు చిన్న కవరులో వేసి గిరాకీ చేతికి ఇవ్వండి. అవి వారివి. రేపు చెయ్యి లావైతే ఆ కంపెనీ లింకు బజార్లో దొరకదు, దొరికినా ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. పిన్ను మార్చి ఉంటే బిల్లు మీద పొడవు, మందం, ఏ రకమో రాయండి, స్క్రూకు మందు వేశారా లేదా అదీ రాయండి. తర్వాత ఎక్కడ విప్పినా పనికొస్తుంది. లింకు తీసిన ప్రతి వాచీనీ గిరాకీ ముందే లాగి చూపించి ఇవ్వండి, అర నిమిషం పని.

కొనేవాళ్ళు గ్యారంటీ కార్డును ఒకసారి చదవాలి. చాలా కంపెనీలు మామూలు అరుగుదలను గ్యారంటీ కింద తీసుకోవు, జారిపోయిన వాచీకి గ్యారంటీ అసలే పనికిరాదు. కొత్త వాచీ లాకు మొదటి రోజు నుంచే పట్టకపోతే మాత్రం అది వేరే లెక్క, సరుకు లోపం. బిల్లు పెట్టి దుకాణాన్ని అడగండి, వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2019 చట్టం ప్రకారం కొన్న ఊరికే పోనక్కర్లేదు, మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. వాచీ సీరియల్ నంబరు, లాకు లోపలి వైపు ఉన్న కోడు ఫోటో తీసి ఫోనులోనే కాకుండా ఇంకోచోట కూడా దాచుకోండి. పోయాక ఠాణాలో ఫిర్యాదు రాసేటప్పుడు ముందు అడిగేది ఆ నంబరే.

భవదీయుడు,
ఒక వాచ్ మెకానిక్,
నల్లగొండ